స్ట్రాబెర్రీ జామ్‌కి బూజు పట్టింది, మిగతా సీసాలు ఉంచనా పారేయనా?

కొత్తగరిటె:
సంక్రాంతి సెలవుల్లో లంబసింగి నుంచి వస్తూ తోట దగ్గరే 2 కిలోల స్ట్రాబెర్రీలు కొన్నాం. హైదరాబాద్ చేరేసరికి సగం మెత్తబడ్డాయి. పారేయబుద్ధి కాక జామ్ చేశాను, జీవితంలో మొదటిసారి. మా ఆయనకి షుగర్ ఉంది కదా అని పంచదార 600 గ్రాములే వేశాను. అయిదు చిన్న సీసాలు వచ్చాయి. అన్నీ తేనె, ఆవకాయ అయిపోయాక కడిగి దాచుకున్నవే. ఎండలో ఆరబెట్టి, జామ్ పూర్తిగా చల్లారాక నింపి, వంటింటి అలమరలో పెట్టాను.

పదకొండో రోజు పిల్లాడి చపాతీలోకి తీస్తే ఒకదాని మీద రూపాయి బిళ్లంత తెల్ల బూజు, మధ్యలో కాస్త పచ్చగా. ఇంకోదాని మూత తిప్పగానే బుస్సుమంది. మిగతా మూడూ చూడ్డానికి బాగానే ఉన్నాయి. "పైపైన తీసేసి ఒక పొంగు రానివ్వు" అంటున్నారు అత్తగారు. ఏం చేయను?

గోదారిజాడీ:
అత్తగారి మాట ఈ ఒక్కసారికి వినకండి. బూజు కనిపించినంత మేరే ఉండదు, లోపలికి పాకుతుంది. అది వదిలే విషాలు కొన్ని మరిగించినా పోవు. బుస్సుమన్నది పులిసిపోయింది. మిగతా మూడూ అదే గిన్నెలోవి, అన్ని రోజులూ బయటే ఉన్నాయి. నేనైతే అవీ పారేస్తాను.

ఆవకాయని ఉప్పూ నూనే కాపాడతాయి. జామ్‌కి ఆ పని చేసేది పంచదార, పులుపు, గాలి చొరబడని మూత. 2 కిలోల పళ్లకి 600 గ్రాములు వేస్తే అది బయట నిలవుండే జామ్ కాదు. మీ వారి కోసం తీపి తగ్గించాలంటే కొంచెమే చేసి ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు వారాల్లో తినేయండి, ఎక్కువైతే ఫ్రీజర్‌లో పెట్టండి.

నిమ్మతొక్క:
మేం వేడి జామ్ నింపి సీసా తలకిందులుగా పెడతాం అంతే, ఏమీ కాలేదు.

డాలస్‌అక్క:
నేనూ అలాగే పెట్టేదాన్ని అండీ. ఒకసారి మూడు సీసాల్లోంచి పాకం కారి, అల్మారాలో చీమలు బారులు తీరాక మానేశాను. తలకిందులుగా పెడితే మూత గట్టిగా పట్టిందో లేదో నమ్మకం లేదు.

కొత్తగరిటె, ఈసారి ఇలా చేయండి. పాత ఆవకాయ మూతలు వద్దు, వాసనా పోదు, లోపలి రబ్బరు పొరా అరిగి ఉంటుంది. బేగంబజార్‌లో గాజు సీసాలు కొత్త మూతలతో దొరుకుతాయి. సీసాలు వేడిగా ఉండగానే మరుగుతున్న జామ్ పోయండి, పైన పావు అంగుళం ఖాళీ వదలండి. అంచు తడిగుడ్డతో తుడిచి మూత పెట్టండి. లోతైన గిన్నెలో అడుగున గుడ్డ పరిచి, మూతల పైన ఒక అంగుళం నీళ్లు నిలిచేలా పెట్టి మరిగించండి. తీరప్రాంతంలో 5 నిమిషాలు చాలు. హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది, నీళ్లు 100 డిగ్రీలకంటే ముందే మరిగిపోతాయి, కాబట్టి 10 నిమిషాలు. జామ్ దించే లెక్క కూడా అంతే: ముందు మంచినీళ్లు మరిగించి థర్మామీటర్ చూసుకుని, ఆ అంకెకి నాలుగున్నర డిగ్రీలు కలపండి, జామ్ ఆ వేడికి రాగానే దించండి.

కొత్తగరిటె:
అన్నీ పారేశాను. అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. ఇదే పద్ధతిలో బొప్పాయి జామ్ చేయొచ్చా అక్కా?

డాలస్‌అక్క:
ఊరికే చేయొద్దు. స్ట్రాబెర్రీలో పులుపుంది. బొప్పాయి, అరటిపండు చప్పవి, పీహెచ్ (పులుపు కొలత, పులుపు తగ్గేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది) 4.6 దాటొచ్చు. అక్కడ బోట్యులిజం భయం ఉంది, అంటే ఒక బ్యాక్టీరియా వదిలే విషంతో ప్రాణం మీదికొచ్చే జబ్బు. ఆ బ్యాక్టీరియా బీజాలు మరిగే నీళ్లకి చావవు. నిమ్మరసం కొలత రాసి ఉన్న, పరీక్షించిన రెసిపీ దొరికితేనే చేయండి. కళ్లతో వేసే లెక్క పనికిరాదు.

కొత్తగరిటె:
మూడు వారాల తర్వాత వచ్చాను. బజారులో కొన్న స్ట్రాబెర్రీలతోనే, ఈసారి కిలోకి 800 గ్రాముల పంచదార, రెండు నిమ్మకాయలు. సీసాలు బయటికి తీసి గుడ్డ మీద పెట్టానో లేదో "టక్" మంది ఒక మూత. అత్తగారు గదిలోంచి "ఏం పగిలిందే?" అన్నారు. తర్వాత ఇంకో మూడు. నాలుగింటికీ మూత మధ్యలో గుంట పడింది, నొక్కితే కదలట్లేదు, అంటే మూత గట్టిగా పట్టినట్టే. అయిదోది మర్నాటికీ మోగలేదు. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టేశాను, సగం అయిపోయింది కూడా.

గోదారిజాడీ:
సరిగ్గా చేశారు. ఆ నాలుగూ చీకట్లో, చల్లటి చోట పెట్టండి, పొయ్యి పైనున్న అలమరలో మాత్రం వద్దు. మూత మీద తేదీ రాయండి, ఏడాదిలోపు తినేయండి. తెరిచాక ఫ్రిజ్, పొడి చెంచా. ఆ చెంచా సంగతి అత్తగారికి ఎవరూ చెప్పక్కర్లేదు లెండి.