తండా పిల్లలను బళ్లో లంబాడీ మాట్లాడనిస్తే తెలుగు వెనకబడుతుందా?

గుత్తి_ప్రైమరీ:
అనంతపురం పల్లెల్లో సుగాలి (లంబాడీ) తండాల నుంచి ఒకటో తరగతికి వచ్చే పిల్లల గురించే ఈ చర్చ. బళ్లో లంబాడీ వినబడకూడదని కొన్నిచోట్ల గట్టిగా పట్టుబడుతున్నారు. నేను ఒప్పుకోను. నోరు మూయించిన బిడ్డకు ఏ భాషా రాదు. వీలైనంత వరకు మాతృభాషలోనే చెప్పమని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది.

కదిరి_టీచర్:
చట్టం సరేనన్నా, టీచరుకు లంబాడీ రావద్దా? దానికి సొంత లిపి లేదు. కడపలో ఉర్దూకైతే బళ్లున్నాయి, టీచర్ పోస్టులున్నాయి. పైగా తండా అమ్మానాన్నలు అడిగేది ఇంగ్లీషు. ఇంట్లో ఎలాగూ లంబాడీయే కదా, బళ్లో ఉన్నంతసేపన్నా తెలుగు చెవిన పడనీయండి.

గుత్తి_ప్రైమరీ:
పాఠమంతా లంబాడీలో చెప్పమనడం లేదప్పా. జూన్‌లో ఒక 50 మాటలు తెలుగు లిపిలో రాసి గోడకు పెట్టండి. యాడి అంటే అమ్మ, బాటి అంటే రొట్టె, పాణి అంటే నీళ్లు. వాటికన్నా ముందు "ఒంటికి పోవాల", "కడుపు నొస్తాంది", "అర్థం కాలేదు" అనే మూడింటిని లంబాడీలో ఎట్లంటారో పిల్లల అమ్మలనడిగి నేర్చుకోండి. ఆ మూడూ చెప్పుకోలేని బిడ్డ నిక్కర్లో పోసుకుంటుంది, మర్నాడు బడికి రాదు.

ఇంకొకటి. లంబాడీలో వస్తువులకూ ఆడ, మగ భేదం ఉంది. అందుకే తండా పిల్లలు తెలుగులో "చెట్టు పడిపోయాడు" అనేస్తుండొచ్చు. అది తెలివితక్కువ కాదు, ఇంటి వ్యాకరణం. "అవును, చెట్టు పడిపోయింది" అని మనం సరిగ్గా అని వదిలేస్తే చాలు. క్లాసు నవ్విందా, ఇక ఆ బిడ్డ చెయ్యెత్తదు.

కమిటీ_పనులు:
పేర్ల సంగతీ చూడండి. "ఒరే నాయక్" అంటే నలుగురు లేస్తారు. ఎవరి పేరుతో వాళ్లను పిలవాల. ఏడాదికొకసారి ఫేటియా (లంబాడీ ఆడవాళ్ల లంగా) కట్టించి స్టేజీ మీద ఆడించి, మిగతా రోజులు వెనక బెంచీలో కూర్చోబెడితే అది గౌరవం కాదు.

తల్లిదండ్రుల కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు, బలహీన వర్గాలకు దామాషా ప్రకారం చోటు ఉండాలని అదే విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. కాగితం మీద ఉంటారు కూడా. మీటింగు పగలు పదకొండింటికి పెడితే శెనక్కాయలు పెరికే కూలికి పోయిన తల్లి ఎట్లొస్తుంది? సాయంత్రం ఏడుకు తండాలోనే పెట్టండి. తీర్మానం గట్టిగా చదివి వినిపించాకే వేలిముద్ర వేయించండి.

కదిరి_టీచర్:
మాటలు గోడకు పెట్టడం చేయొచ్చు. మరి పాఠం మధ్యలో ఆగిపోతే? తెలుగు బాగా వచ్చిన తండా పిల్లతోనే చెప్పిస్తున్నారు చాలాచోట్ల.

గుత్తి_ప్రైమరీ:
రోజూ ఒకే పిల్లతో చెప్పించొద్దు, ఆ పిల్ల పాఠం పోతుంది. ఇద్దరిద్దరిని జతచేసి వారానికొకసారి మార్చండి. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. లంబాడీలో జవాబొచ్చినా తీసుకోండి, జతగాడు తెలుగులో చెబుతాడు, తర్వాత ఆ బిడ్డే ఒకసారి తెలుగులో అంటుంది. లెక్కల పీరియడ్‌లో మొదలుపెట్టండి. అక్కడ జవాబు అంకె కాబట్టి భాష రాకపోయినా వేళ్లతో చూపించి గెలుస్తారు.