కొర్రలు, శనగల సలాడ్ మధ్యాహ్నానికి జావైపోతోంది. ఏం చేయాలి?

కొర్లగుంట కోడలు:

అందరికీ నమస్తే. ఇల్లు తిరుపతి, ఉద్యోగం చిత్తూరు. పొద్దున ఏడింటికల్లా బస్సెక్కాలి, మధ్యాహ్నం ఒకటిన్నరకి గానీ బాక్సు తెరవడం కుదరదు. ఈ మధ్య రక్తపరీక్షలో షుగర్ బార్డర్లో ఉందని తేలింది. అన్నం తగ్గించమన్నారు. రాత్రికి మా ఇంట్లో సంగటి ఎటూ ఉంటుంది. మధ్యాహ్నానికి కొర్రలు, కాబూలీ శనగలు ఉడికించి, కొత్తిమీర, పుదీనా దండిగా తరిగేసి, కీరదోస, టమాటా, నిమ్మరసం కలిపి తీసుకుపోతున్నా. కలిపిన వెంటనే తింటే బ్రహ్మాండం. కష్టమంతా బాక్సుతోనే.

మూత తీసేసరికి అడుగున నీళ్ళు. కొర్రలు ముద్ద కట్టి ఉంటాయి. పుదీనా నల్లగా, ఏదో ఎండుగడ్డి వాసన. శనగలు రాత్రంతా నానబెట్టి కుక్కర్లో పెట్టినా ఒక్కోసారి పంటికింద గట్టిగానే తగులుతాయి. మాది బోరు నీళ్ళు, బకెట్ల అడుగున తెల్లగా పేరుకుంటుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

వీడియోల్లో చూస్తే బల్గర్ అని ఒక రకం గోధుమ నూక, పార్స్లీ అని ఒక ఆకు వేయమంటారు. మన ఊళ్ళో పార్స్లీ ఎవరిని అడగాలో కూడా తెలియదు. వాటికి బదులు ఏం వాడొచ్చో కూడా చెప్పండి. మా అత్తమ్మ అయితే "శుభ్రంగా గుగ్గిళ్ళు తాలింపు పెట్టుకోక, ఈ చల్లటి కూడేందమ్మా" అంటోంది. ఆమెకి జవాబు నేనే చెప్పుకుంటా, మిగతావి మీరు చెప్పండి.

ఆదివారం వంట:

కొర్రలకి ఒకటికి రెండు నీళ్ళు పోసి కుక్కర్లో రెండు విజిల్స్ రానివ్వండి. శనగల్లో వంటసోడా వేయండి. సింపుల్.

బాక్సుల అక్క:

ఒకటికి రెండు లెక్క ఉప్మాకి, అన్నానికి. సలాడ్‌కి అది పనికిరాదమ్మా. నేను తిరుపతిలోనే ఆఫీసులకీ ఆస్పత్రి డ్యూటీల వాళ్ళకీ మధ్యాహ్నం బాక్సులు పంపుతాను. నా బాక్సు పదకొండుకి సీలు వేస్తే రెండింటికి తెరిచేవాళ్ళున్నారు. ఆ గొడవలన్నీ పడ్డదాన్ని కాబట్టి చెప్తున్నా, నీ కష్టానికి మూలం నీళ్ళే. ఉడికేటప్పుడు గింజ లోపలికి ఎక్కువ పోయాయి, ఆకు మీద తడి ఆరలేదు, కీర, టమాటా ఉప్పు తగలగానే ఊరాయి.

ముందు శనగల సంగతి. బకెట్లో తెల్లగా పేరుకునేది కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. శనగ గింజని గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్‌కి ఆ కాల్షియం అతుక్కుంటే అది కరగదు, ఎన్ని విజిల్స్ వచ్చినా గింజ మెత్తబడదు. కాబట్టి సంబంధం ఉంది. నానబెట్టడానికీ ఉడకబెట్టడానికీ తాగే క్యాన్ నీళ్ళు వాడు. నానబెట్టేటప్పుడే లీటరు నీళ్ళకి ఒక టేబుల్ స్పూన్ కల్లుప్పు వెయ్యి. ఉప్పేస్తే శనగలు ఉడకవని మన పెద్దవాళ్ళు అంటారు గానీ, నానే నీళ్ళలో ఉప్పు వేస్తే తోలు ఇంకా మెత్తబడుతుంది. ఉడకనివ్వనిది పులుపు. చింతపండు, టమాటా, నిమ్మ ఏవైనా ఉడికాకే. నానిన నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళతో పెట్టు, కడుపుబ్బరం కూడా కొంచెం తగ్గుతుంది. పైన చెప్పిన సోడా తప్పేం కాదు, కానీ గ్లాసు శనగలకి పావు టీస్పూన్ దాటితే సబ్బు రుచి వస్తుంది, తోలు జారిపోతుంది. ఇంత చేసినా ఉడకలేదంటే అవి పాత శనగలు. ఏడాది, రెండేళ్ళు నిలవ ఉన్నవాటిని ఏ నీళ్ళూ బాగుచేయలేవు. కొట్టు మార్చు.

కొర్రలు. 2023 చిరుధాన్యాల సంవత్సరం అయినప్పటి నుంచీ సూపర్ మార్కెట్లలో ఒక అరంతా ఇవే. చూసి కొనుక్కో. పసుపుపచ్చగా తళతళ మెరిసేవి పాలిష్ పట్టినవి. తవుడు పోయాక దాన్ని ముడిధాన్యం అనడానికేముంది, ముద్ద కట్టేదీ అదే. కాస్త మాసినట్టు ఉండేవి తెచ్చుకో, కొద్దికొద్దిగానే, తవుడున్న గింజ త్వరగా కనరెక్కుతుంది. కడిగి గంట నానబెట్టి, వెడల్పు గిన్నెలో ఆరేడింతల నీళ్ళు తెర్లించి అందులో వెయ్యి. ఎనిమిది, పది నిమిషాలకి గింజ చిదిమి చూడు, లోపల తెల్ల చుక్క కనబడకపోతే అయినట్టు. అన్నం వార్చినట్టే వార్చేసి, పళ్ళెంలో గుడ్డ పరిచి పల్చగా ఆరబెట్టు. ఫ్యాన్ కింద పది నిమిషాలు. కుక్కర్ జోలికే పోవద్దు.

అసలైతే బాక్సుకి కొర్రల కంటే జొన్నలు మేలంటాను. పిండి కాదు, రవ్వ కాదు, గింజ గింజగా. శనగలతో పాటే నానబెట్టి, వాటి పక్కనే వేరే గిన్నెలో పెడితే అదే కుక్కర్లో అయిపోతాయి. ఎంత ఉడికినా నమలడానికి ఉంటాయి, ముద్ద కావు. కొర్రలు ఫ్రిజ్‌లో పెడితే ఇసుకలా పొడిబారతాయి, జొన్నలకి ఆ బాధ తక్కువ. ఆదివారం ఉడికించి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే బుధవారం దాకా వస్తాయి.

నూనె, ఉప్పు, నిమ్మరసం, వేయించిన జీలకర్ర పొడి కలిపి, శనగలు, జొన్నలు ఇంకా గోరువెచ్చగా ఉండగానే పట్టించు. చల్లారాక వేస్తే పైపైనే ఉంటుంది. కీర గింజలు గీకేసి, ముక్కలకి ఉప్పు రాసి పది నిమిషాలాగి పిండెయ్యి. టమాటా చిన్న డబ్బాలో వేరుగా.

ఇక పుదీనా. రాత్రే కడిగి, గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు. పొద్దున ముట్టుకుంటే చేతికి తడి అంటకూడదు. పదునైన కత్తితో ఒకసారే తరుగు, అటూ ఇటూ నలగ్గొట్టకు. నలిగిన చోటే నల్లబడేది. తరిగిన ఆకుకి ముందు అర స్పూను నూనె పట్టించి బాక్సులో పైన పరుచు, కలపొద్దు. నిమ్మ, వేడి రెండూ దానికి తగలకూడదు. తినేముందు కలుపుకో. కొత్తిమీర అంత సుకుమారం కాదు, కాడలు కూడా సన్నగా తరిగి శనగల్లో కలిపెయ్యి. కాడలోనూ బోలెడు వాసన ఉంటుంది. కాడలు పారేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఒక జాగ్రత్త. ఉడికిన ధాన్యం వేడి మీద మూత పెట్టి బస్సులో మోస్తే రుచి సంగతి తర్వాత, కడుపుకే మంచిది కాదు. ఉడికినా చావని బ్యాక్టీరియా బీజాలు ధాన్యంలో ఉంటాయి, గోరువెచ్చని చోట అవి పెరుగుతాయి. వండిన పదార్థం బయట 2 గంటలకి మించి ఉంచొద్దంటారు, మన ఎండాకాలంలో 1 గంటే లెక్క. పుదీనా, టమాటా తప్ప మిగతావి రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుని, పొద్దున బాక్సు పక్కన గడ్డకట్టిన చిన్న నీళ్ళ సీసా పెట్టుకో. కరిగాక ఆ నీళ్ళే తాగొచ్చు. ఆఫీసులో ఫ్రిజ్ ఉంటే వెళ్ళగానే అందులో పెట్టెయ్యి.

కువైట్‌లో చిత్తూరోడు:

అక్కా, నేను కువైట్‌లో లెబనాన్ వంటలు చేసే హోటల్ కిచెన్‌లో పని చేస్తున్నా. మీరు వీడియోలో చూసింది తబ్బూలే అనే సలాడ్ అయ్యుంటుంది. యూట్యూబ్‌లో చూపించేది తలకిందులు. అసలు దాంట్లో ఆకే ఎక్కువ, గోధుమ గుప్పెడు. పార్స్లీ కట్టలకు కట్టలు కడిగి, గుడ్డల మీద ఆరబెట్టి, చేత్తో సన్నగా తరగడం పొద్దున నా పని. మిక్సీ పెడితే మా చెఫ్ ఊరుకోడు. సన్న బల్గర్‌ని ఉడికించం కూడా, టమాటా నీళ్ళలో, నిమ్మరసంలో నానుతుంది, అంతే. మీ బాక్సు అడుగున చేరే నీళ్ళు మా దగ్గర గోధుమ తాగేస్తుంది.

బల్గర్ అంటే గోధుమలు ఉడికించి, ఎండబెట్టి, విరగ్గొట్టింది. మన ఉప్పుడు బియ్యం పద్ధతే. అంగట్లో దొరికే గోధుమరవ్వ పచ్చి రవ్వ, దాన్ని ఊరికే నానబెట్టి తినకూడదు. కావాలంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. ఉడికిన గోధుమల్ని తిరుపతి ఎండలో మిద్దె మీద ఆరబోస్తే గలగలమనేదాకా ఎండిపోతాయి, తర్వాత మిక్సీలో ఒక తిప్పు. తమిళనాడు సరుకు వచ్చే కొట్లలో సాంబా గోధుమ దొరికితే అది ఇంకా బాగుంటుంది, నమలడానికి గట్టిగా ఉంటుంది. ఇటలీ వాళ్ళు ఫారో అని సలాడ్లలో వేసేది ఆ జాతి గోధుమే.

పార్స్లీ కోసం వెతకొద్దు. కొత్తిమీర రెండు వంతులు, పుదీనా ఒక వంతు వేసుకోండి, రుచి వేరే కానీ తక్కువ కాదు. ఇంకోటి చెప్తా. ఇక్కడ ఫత్తూష్ అనే సలాడ్‌లో పచ్చిగా వేసే ఆకు చూసి మొదటిరోజు నవ్వొచ్చింది. మన గంగవాయిలి కూర! మా ఊళ్ళో చేనుగట్ల మీద పెరిగేది, పప్పులో వేసేవాళ్ళం. లేత కొసలు తుంచి పచ్చిగా కలపండి, పుల్లగా కరకరలాడుతుంది. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు మాత్రం వద్దు, ఆక్సలేట్ ఎక్కువ. నూనె మాత్రం ఆలివ్ ఆయిలే వేయండి, లేకపోతే ఆ రుచి రాదు.

బాక్సుల అక్క:

తమ్ముడూ, ఆ గోధుమ సంగతి బాగుంది, నేనూ చేసి చూస్తా. నూనె దగ్గర ఒప్పుకోను. నీ హోటల్లో పార్స్లీకి ఆలివ్ ఆయిల్ సరే. కొత్తిమీర, జీలకర్ర, నిమ్మ ఉన్న చోట గానుగ చెనక్కాయ నూనె పోస్తే ఆ కమ్మదనం వేరు. మన పాత చిత్తూరు జిల్లా చెనక్కాయల జిల్లా. అంత ఖరీదైన సీసా ఎందుకు కొనాలి? నువ్వుల నూనె కూడా బాగుంటుంది, అయితే ఒక స్పూనే. అది దాటితే ఊరగాయ గుర్తొస్తుంది.

పలమనేరు రైతు:

మీరంతా శనగల దగ్గరే ఆగిపోయారు. చలికాలం వస్తే అనపకాయలు (చిక్కుడు జాతివి, సొరకాయ కాదు) కుప్పలు పోస్తారు, వాటిని వదిలేసి ఎండిన కాబూలీ శనగలెందుకు? పచ్చి అనపగింజలు ఉప్పేసి ఉడికిస్తే పావుగంట పని, నానబెట్టే బాధే లేదు. పచ్చివి మాత్రం తినకండి, బాగా ఉడకాలి. మా ఇంట్లో వాటిలోకి సామలు, పచ్చిమిర్చి, కొత్తిమీర, పచ్చికొబ్బరి. వర్షాకాలం పంటకి కొత్త చెనక్కాయలు ఉడకేసినవి. వేసవిలో నిమ్మకాయ బదులు తోతాపురి మామిడి పచ్చిది సన్నగా కోరి వేస్తే నీళ్ళు ఊరవు, పులుపూ ఉంటుంది. పల్ప్ ఫ్యాక్టరీ వాళ్ళ రేటు చూసి ఏడ్చేకంటే ఇంట్లో నాలుగు తినడం నయం.

కాబూలీ శనగల కంటే నల్ల శనగలే నాకు ఇష్టం. శ్రావణమాసంలో వాయినాలకి వచ్చిన నానిన శనగలు ఇంటినిండా ఉంటాయి కదా, ఎంతకని గుగ్గిళ్ళు చేస్తారు? అప్పుడు చేయండి ఈ సలాడు. మీ అత్తమ్మ కూడా కాదనదు.

కొర్లగుంట కోడలు:

అబ్బా, ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. క్యాన్ నీళ్ళు, ఉప్పు పద్ధతి నిన్న రాత్రే పెట్టా. శనగలు వేళ్ళ మధ్య నలిగాయి. జొన్నలు తెచ్చుకున్నా, ఆదివారం చూడాలి. నూనె విషయంలో అక్క మాటే వింటా, ఎందుకంటే ఇంట్లో ఉన్నది గానుగ నూనే.

రెండు సందేహాలు. నల్లశనగల మొలకలు పచ్చివే కలపొచ్చా? షుగర్‌కి ఎంత తినాలి? "సలాడే కదా" అని పెద్ద బాక్సు నింపేస్తున్నా.

బాక్సుల అక్క:

మొలకలు పచ్చివి వద్దు. తడిలో, వెచ్చగా రెండ్రోజులు ఉంచి మొలిపిస్తాం, సాల్మొనెల్లా లాంటివి పెరగడానికీ అదే వాతావరణం. ఐదారు నిమిషాలు ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టి కలుపు. అందులోనూ నువ్వు బస్సులో మోస్తున్నావు.

కొలత నీ డాక్టర్‌ని అడుగు. నేను పంపే బాక్సు లెక్క చెప్తా. ఒక మనిషికి ఎండు శనగలు 50 గ్రాములు, అవి ఉడికితే రెట్టింపు దాటుతాయి. జొన్నలో కొర్రలో ఎండువి 40 గ్రాములు. మిగతాదంతా ఆకు, కూర ముక్కలు. 100 గ్రాముల ఎండు శనగల్లో ప్రొటీన్ సుమారు 20 గ్రాములుంటే, పిండిపదార్థం దానికి మూడింతలు. నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి షుగర్ ఒక్కసారిగా ఎగరదు, అంతే గానీ లెక్కలేకుండా తినమని కాదు. చిరుధాన్యాలైనా అంతే. అన్నం మానేసి రెండు పళ్ళేల కొర్రలు తిని రిపోర్టు మారలేదనేవాళ్ళు నాకు చాలామంది ఫోన్ చేస్తారు.

ఆదివారం వంట:

ఉల్లిపాయ గురించి ఎవరూ చెప్పలేదు?

కువైట్‌లో చిత్తూరోడు:

పచ్చి ఉల్లి రాత్రే కలిపితే పొద్దునకి వాసన మారిపోతుంది అన్నా. సన్నగా తరిగి ఉప్పు, నిమ్మరసంలో పది నిమిషాలు ఊరబెట్టి, పిండి, వేరే డబ్బాలో. మా దగ్గరైతే ఉల్లికాడలు వేస్తారు, ఘాటు తక్కువ.

బాక్సుల అక్క:

చిత్తూరు బస్సులో మూత తీయకుండా ఉంటే వేసుకోవచ్చు.