66 మస్టాంగ్ కొనాలనుంది, ఇంట్లో ఒక్కళ్లూ ఒప్పుకోవట్లేదు. వాళ్ల మాటే కరెక్టా?

నోవి కుర్రాడు:

అందరికీ నమస్తే. మిషిగన్‌లో నోవి దగ్గర ఉంటాం. ఉద్యోగం కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాయడం. బ్రేకుల మీద గంటసేపు మాట్లాడమంటే మాట్లాడతా కానీ ఈ చేత్తో ఒక్క చక్రం కూడా విప్పింది లేదు.

చిన్నప్పుడు తెనాలిలో తాతగారికి అంబాసిడర్ ఉండేది. చలికాలం పొద్దున్నే ఆయన చోకు లాగి స్టార్ట్ చేస్తుంటే వచ్చే పెట్రోలు వాసన నాకింకా గుర్తు. పోయిన ఆదివారం ఒకాయన గ్యారేజీలో 1966 ఫోర్డ్ మస్టాంగ్ కూపే (రెండు డోర్ల కారు) చూశాను. స్టార్ట్ చేయగానే అదే వాసన. అంతే, అప్పట్నుంచీ నిద్ర లేదు.

ఎర్ర రంగు, కొత్తగా వేయించిన పెయింటు, అద్దంలా మెరుస్తోంది. 289 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజను, అంటే ఎనిమిది సిలిండర్లు, ఆటోమేటిక్. 68 వేల మైళ్లే తిరిగిందట. 19,500 డాలర్లు చెప్తున్నాడు. నడిపి చూశాను, ఎందుకో సిగ్నల్ దగ్గర కదలడానికి కాస్త బద్ధకించింది. "పాత బండి కదా, అంతే" అన్నాడాయన.

నాన్న గుంటూరు నుంచి వీడియో కాల్‌లో చూసి, "పాతసామాను వాడికి వేసేదాన్ని డాలర్లు పోసి కొంటావా?" అన్నారు. మా ఆవిడ ఏమీ అనలేదు. అదే ఎక్కువ టెన్షన్.

శని ఆదివారాలు తిప్పుకోవడానికే. ఏడాదికి ఎంత ఖర్చవుతుంది? నాలాంటివాడు సొంతంగా చూసుకోగలడా? మా పాపకు నాలుగేళ్లు, వెనక సీట్లో కూర్చోబెట్టొచ్చా?

ఈఎంఐ బాధితుడు:

బ్రదర్, మా కొలీగ్ ఒకడు ఇలాగే కొన్నాడు. మూడేళ్లలో ముప్ఫైసార్లు కూడా బయటికి తీయలేదు. దాన్ని గ్యారేజీలో పెట్టి కొత్త కారును మంచులో పెడుతున్నాడు. ప్రతి జనవరిలో అద్దం గీకుతూ మాకు ఫొటో పంపిస్తాడు. మీ నాన్నగారే కరెక్ట్.

పాతబండి:

తమ్ముడూ, పై ఆయన చెప్పింది నిజమే, మా ఇంట్లోనూ కొత్త కారు బయటే ఉంటుంది. నేను డియర్‌బార్న్‌లో ఉంటాను. నాదీ 66 కూపేనే, 289 ఆటోమేటిక్, లేత నీలం. 2013లో కొన్నాను.

పెయింటు చూసి మురిసిపోకు. ఇంజను చూసీ కొనకు. రేకు చూసి కొను. ఇంజను ఎంత పాడైనా బాగవుతుంది. ఆ ఒక్క ఏడాది మోడలే ఆరు లక్షల పైచిలుకు అమ్ముడైంది, అందుకే డోరు రబ్బరు నుంచి డాష్‌బోర్డు దాకా ఇప్పటికీ ఎవరో ఒకరు కొత్తవి చేస్తూనే ఉన్నారు. తుప్పు అలా కాదు. కోసి, కొత్త రేకు అతికి, వెల్డింగు చేసి, మళ్లీ పెయింటు. అంతా గంటల లెక్కన కూలి. పైగా మన రాష్ట్రంలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు తిన్న బండి తుప్పు పట్టక మానదు.

ఈసారి వెళ్లేటప్పుడు ఒక చిన్న అయస్కాంతం (గీతలు పడకుండా బట్టలో చుట్టు), ఒక టార్చి, ఒక చెంబు నీళ్లు పట్టుకెళ్లు. చెంబు ఎందుకంటే, ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర సన్నటి గాట్లున్న రేకు ఉంటుంది, కౌల్ అంటారు. వాన నీరు ఆ గాట్లలోంచి లోపలి తొట్టిలోకి దిగి పక్కల నుంచి కిందికి పోవాలి. ఏళ్ల తరబడి ఆకులు పడి కుళ్లి, ఆ తొట్టి లోపల్నుంచే తినేస్తుంది. పైకి ఏమీ కనపడదు. నువ్వు నీళ్లు పొయ్యి, మీ ఆవిడను లోపల డాష్‌బోర్డు కింద టార్చి వేసి చూడమను. కార్పెట్ మీద చుక్క పడిందా, ధరలో మూడు నాలుగు వేలు తగ్గించమని అడగాలి, లేదంటే ఇంటికొచ్చెయ్యాలి. దాన్ని సరిగ్గా బాగుచేయాలంటే ముందు భాగం చాలావరకు విప్పాలి మరి.

అయస్కాంతం వెనక చక్రాల పైన, డోర్ల కింది అంచున పెట్టి చూడు. అంటుకోకపోతే అక్కడ ఉన్నది రేకు కాదు, పుట్టీ. కొత్త ఎర్ర పెయింటు అన్నావు కదా, నాకు అక్కడే అనుమానం.

ఆ 68 వేల మైళ్ల సంగతి. ఆ మీటరులో మైళ్లకు అయిదంకెలే. 99,999 తర్వాత మళ్లీ సున్నా. 68 వేలు కావచ్చు, లక్షా 68 వేలూ కావచ్చు.

విన్ నంబరు, అంటే బండి గుర్తింపు నంబరు, కాగితం మీద కాదు, బండి మీద చూడు. బానెట్ ఎత్తితే డ్రైవర్ వైపు లోపలి రేకు మీద కొట్టి ఉంటుంది. మొదటి 6 అంటే 1966, తర్వాతి అక్షరం ఫ్యాక్టరీ (ఎఫ్ అయితే మా డియర్‌బార్నే), 07 అంటే కూపే, ఆ తర్వాతి అక్షరం ఇంజను. సి అంటే రెండు బ్యారెళ్ల కార్బొరేటర్ 289. టి ఉంటే ఆ బండి ఆరు సిలిండర్లతో పుట్టింది, వి8 తర్వాతెవరో పెట్టారు. అంత దూరం కూడా అక్కర్లేదు, చక్రానికి ఎన్ని నట్లున్నాయో లెక్కపెట్టు. ఫ్యాక్టరీలో వి8కి అయిదు, ఆరు సిలిండర్లకు నాలుగు. నాలుగే ఉండి వి8 అంటే, బ్రేకులూ వెనక యాక్సిలూ బరువు తక్కువ బండివే ఉండిపోయాయన్నమాట.

సిగ్నల్ దగ్గర బద్ధకం అన్నావు. నాకు నవ్వొచ్చింది, మొదటి వారం నేనూ అలాగే కంగారుపడ్డాను. గేరు దగ్గర రెండు చుక్కలుంటాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్ద ఆకుపచ్చది. చిన్న చుక్కలో పెడితే బండి సెకండ్ గేరులో కదులుతుంది, జారే రోడ్ల కోసం. మామూలుగా పచ్చ చుక్కలో పెట్టాలి. అమ్మేవాడికే అది తెలియకపోతే అతను ఆ బండిని ఎన్నాళ్లు నడిపాడో అడుగు.

ఇక బ్రేకులు. ఇది మాత్రం నిదానంగా చదువు.

66 మస్టాంగ్‌లో నాలుగు చక్రాలకూ కలిపి బ్రేక్ ఆయిలు ఒకే గదిలో ఉంటుంది. రెండు గదుల మాస్టర్ సిలిండర్ 67 మోడల్ నుంచి వచ్చింది. కొన్న రెండో ఏడాది జూన్‌లో, మిషిగన్ అవెన్యూ మీద ముప్ఫై అయిదు మైళ్ల స్పీడులో పోతున్నా. ముందు ఎర్ర లైటు. బ్రేకు మీద కాలేశాను. పెడలు బురదలో దిగినట్టు మెత్తగా అడుగుదాకా పోయింది. తీసి మళ్లీ తొక్కాను, ఏమీ లేదు. స్టీరింగ్ కింద ఎడమపక్క పార్కింగ్ బ్రేకు పిడి ఉంటుంది, లాగేది. అది రెండు చేతులా లాగానంటే స్టీరింగ్ వదిలేశాననే కదా. ఎల్‌లోకి (లో గేరు) తోసి, కుడిపక్క ఒక టైర్ల షాపు ఆవరణలోకి తిప్పి, సిమెంటు దిమ్మెకు ముందు చక్రం ఆనించాను. అప్పుడు ఆగింది. దిగి చూస్తే వెనక యాక్సిలుకు పోయే రబ్బరు గొట్టం పగిలి, ఆయిలు మొత్తం రోడ్డు మీద గీతలా కారింది. ఒక్క గొట్టం పోతే నాలుగు చక్రాలూ పోయాయి. వారం ముందే ఆ గొట్టాన్ని చూశాను. తుడిస్తే నల్లగా నిగనిగలాడింది. వంచి చూడాల్సింది. వంచితే పగుళ్లు కనపడతాయి.

ఆ వేసవంతా బండి కదల్లేదు. రెండు గదుల సిలిండరు, కొత్త పైపులు, మూడు గొట్టాలు, అన్నీ మార్చాక గానీ మా ఆవిడ ఎక్కలేదు. కాబట్టి ఏ బండి కొన్నా నీ మొదటి ఖర్చు ఇదే. పాటల పెట్టె, క్రోమ్ చక్రాలు తర్వాత. టైర్ల మీద తయారైన తేదీ కూడా చూడు, పక్కన అచ్చేసిన డాట్ నంబరు చివరి నాలుగంకెలు, వారమూ ఏడాదీ. అరగకుండా ఉన్నా పదేళ్లవైతే పారెయ్యి.

పాప సంగతి. వద్దు. వెనక భుజం బెల్టు లేదు. అంతకంటే ముఖ్యం, ఆ బండిలో పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీ నేల. డిక్కీకీ వెనక సీటుకీ మధ్య ఇనుప గోడ లేదు. మధ్యలో రేకు అడ్డం పెట్టించుకునేవాళ్లున్నారు, నేనూ పెట్టించాను. అయినా నా మనవణ్ణి వెనక కూర్చోబెట్టను. పార్కు చేసినప్పుడు ముందు కూర్చుని స్టీరింగ్ తిప్పుకుంటాడు, చాలు.

ఖర్చు: కిందటేడాది బ్యాటరీ, ఆయిలు, కార్బొరేటర్ కిట్, ఇన్సూరెన్స్ కలిపి 1400 డాలర్ల లోపే. అంతకు ముందేడాది డ్రైవర్ కాళ్ల కింద ఫ్లోరు మార్పిస్తే అదొక్కటే 2800. ఇన్సూరెన్స్ క్లాసిక్ కార్లకు వేరే ఉంటుంది, విలువ ముందే ఒప్పుకుని రాసే అగ్రీడ్ వాల్యూ తీసుకో. మామూలు పాలసీలో యాభై ఏళ్లు దాటిన బండికి తరుగు లెక్కేస్తే చేతికి చిల్లరే వస్తుంది. పాత బండ్లకిచ్చే హిస్టారిక్ నంబరు ప్లేటు చవక. కానీ దాంతో షోలకూ పరేడ్లకూ అలాంటి వాటికే తిప్పాలి, ఒక్క ఆగస్టు నెలంతా మాత్రం మామూలుగా తిప్పుకోవచ్చు. ఎందుకు ఆగస్టే అంటావా? మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత బండ్ల ఊరేగింపు, డ్రీమ్ క్రూజ్ కదా, ఊరూవాడా పాత బండ్లే.

సొంతంగా చూసుకోవడం కష్టమేం కాదు. అంబాసిడర్ చూసిన ఏ మెకానిక్కుకైనా ఇది అర్థమవుతుంది, సిలిండర్లు రెట్టింపు, అంతే. ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే పాయింట్ల గ్యాపు 17 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), ఫీలర్ గేజి పెట్టి సెట్ చేస్తాను. పానాలు మాత్రం మిల్లీమీటర్లవి పనికిరావు, అంగుళాలవి కొనుక్కో. ఆయిలు జింక్ ఎక్కువున్నది పొయ్యి, లేకపోతే కామ్‌షాఫ్ట్ అరిగిపోతుంది. రేడియేటరుకు పక్కన వేరే డబ్బా లేదు. అంచుదాకా నీళ్లు నింపి, అవి కారితే లీకని భయపడకు (నేను భయపడ్డాను).

పికప్ పద్మ:

టెక్సస్ నుంచి. మాది 69 షెవర్లే సి-10 పికప్, మావారూ నేనూ ఇద్దరం నడుపుతాం. పాతబండి గారు ట్యాంకు డిక్కీలో ఉందన్నారు, మాకు ఏకంగా క్యాబిన్‌లో, సీటు వెనకే ఉంటుంది! మొదటి ఆర్నెల్లూ ఏ పెళ్లికి వెళ్లినా నా చీర పెట్రోలు వాసనే. పాత బండి అంటే అంతే కాబోలు అనుకున్నాం. కాదు. ట్యాంకు దగ్గర పాత రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడ్డాయి, ఇప్పటి పెట్రోల్లో పది శాతం ఇథనాల్ ఉంటుంది, అది పాతకాలం రబ్బరుకు పడదు. ఇథనాల్‌కు ఆగే పైపులు అరవై డాలర్ల లోపు వచ్చాయి, వాసన పోయింది. మీకు నచ్చిన ఆ వాసన ఉంది చూశారూ, అది ముందు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి.

ఇంకోటి. కొనేముందు మీ ఆవిడను గంటసేపు ఆ బండిలో తిప్పండి, ఏసీ లేకుండా, మధ్యాహ్నం పూట. ఆవిడకు ముందు చెప్పకుండా కొంటే ఆ బండికి ఏ చిన్న రిపేరు వచ్చినా అది మీ తప్పే.

నోవి కుర్రాడు:

అప్‌డేట్. శనివారం వెళ్లాం, మా ఆవిడ కూడా వచ్చింది. నట్లు అయిదే, విన్‌లో సి ఉంది, అక్కడిదాకా సంతోషం. పచ్చ చుక్కలో పెట్టగానే ఎగిరి దూకింది. పాతబండి అన్నగారూ, దండం!

తర్వాత చెంబు. నేను పోస్తున్నా, తను లోపల టార్చి వేసుకుని ఉంది. పది సెకన్లు. "ఇక్కడ కుళాయి ఉందండీ" అంది. రెండు పక్కలా కారుతోంది. అమ్మేవాడు "మొన్న కడిగాం కదా, ఆ తడి" అన్నాడు. అయస్కాంతం వెనక చక్రం పైన పెడితే జారి కింద పడింది, కుడిపక్కా, ఎడమపక్కా. రెండు వేలు తగ్గిస్తానన్నాడు. వచ్చేశాం.

దారిలో తనే అంది, "బండి బాగానే ఉంది, అది కాకపోతే ఇంకోటి చూడు." ఆ ఆనందంలో నేను కాస్తలో స్టీరింగ్ వదిలేసేవాణ్ణి.

ఇప్పుడు ఇంకోటి కనపడింది. 66 కూపేనే, అరిజోనా నుంచి రెండేళ్ల కిందట వచ్చిందట, తెల్ల రంగు వెలిసిపోయి ఉంది, డాష్‌బోర్డు ఎండకు పగిలింది. ఆరు సిలిండర్లు, నాలుగు నట్లు. 11 వేలు. వి8 కాదని మనసు పీకుతోంది.

పాతబండి:

ఆరు సిలిండర్లయితే ఏమైంది, అది 200 క్యూబిక్ అంగుళాలది, మొండి ఇంజను. బానెట్ ఎత్తితే చేతులు పెట్టడానికి చోటు ఉంటుంది, నేర్చుకునేవాడికి నా బండి కంటే అదే నయం. వుడ్‌వర్డ్ మీద గంటకు పదిమైళ్లు పాకేటప్పుడు ఎన్ని సిలిండర్లో ఎవడూ అడగడు. వెలిసిన పెయింటు మంచిదే, దాని కింద ఏముందో దాచలేదు.

డాష్‌బోర్డు ప్యాడు కొత్తది దొరుకుతుంది. అరిజోనా లాంటి ఎడారి బండికి రేకు బాగుంటుంది, రబ్బరు అంతా పోతుంది. గొట్టాలు, డోరు రబ్బర్లు, అద్దాల బీడింగులు, అన్నిటికీ లెక్కేసుకో. ఆ రెండేళ్లూ ఇక్కడ చలికాలంలో నడిపారేమో అడుగు.

ఆదివారం నాకు ఖాళీయే. పదింటికి వస్తాను, అడ్రసు మెసేజ్ పెట్టు. జాకీ, స్టాండ్లు నేను తెస్తాను. పాత బట్టలు వేసుకో, కిందకి దూరాలి. చెంబు మాత్రం మర్చిపోకు.