మత్తిస్తే నార్మల్ ఎలుకకే షుగర్ వస్తోంది, ఇన్సులిన్ రీడింగ్ నమ్మొచ్చా?

ఫార్మా_పీజీ:
అందరికీ నమస్కారం. నాది ఎం.ఫార్మసీ ఫైనలియర్. ఒక మొక్క కషాయానికి షుగర్ తగ్గించే గుణం ఉందేమో విస్టార్ (ల్యాబ్‌లో పెంచే జాతి) ఎలుకల మీద చూస్తున్నాను. పొద్దున మెలకువగా ఉన్నప్పుడు తోక చివర గుచ్చి గ్లూకోమీటర్‌తో చూస్తే నార్మల్ గ్రూపులో 100కి అటూ ఇటూ వచ్చింది. వాటికే మత్తు మందులు కీటమిన్ 80, జైలజిన్ 10 (కిలోకి మి.గ్రా.) ఇచ్చి, అరగంటకి కంటి వెనక నుంచి రక్తం తీస్తే 200 పైనే! ఇన్సులిన్ మాత్రం అడుగంటింది. కషాయం తాగిన గ్రూపుకీ, తాగని గ్రూపుకీ తేడా లేదు. ఇన్సులిన్ కొలిచే ఎలైజా కిట్ పాడైందని గైడ్ గారు అంటున్నారు. సబ్మిషన్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

యానిమల్‌హౌస్_అక్క:
పాపం, కిట్‌ని ఎందుకు తిడతారు తమ్ముడూ? గ్లూకోమీటర్ కూడా అదే చెబుతోందిగా. ఇది జైలజిన్ పని.

క్లోమంలో ఇన్సులిన్ వదిలే బీటా కణాల మీద ఆల్ఫా-2 రిసెప్టర్లు (మందు వచ్చి అతుక్కునే చోట్లు) ఉంటాయి. జైలజిన్, దాని కోవదే అయిన మెడెటొమిడిన్ వాటిని పట్టుకోగానే ఇన్సులిన్ విడుదల ఆగిపోతుంది. మెదడులో మత్తు తెప్పించేదీ ఆ రకం రిసెప్టర్లే. కాబట్టి డోసు సర్ది మత్తు ఉంచుకుని షుగర్ వదిలించుకుందామంటే కుదరదు. ఇన్సులిన్ బిగుసుకుపోయాక నీ కషాయం పనిచేసినా, చేయకపోయినా కనపడదు.

ఈసారి మత్తులో ఉన్న ఎలుక కింద ఊక చూడు, తడిసి ముద్దయి ఉంటుంది. నీటిని పట్టి ఉంచే ఏడీహెచ్ హార్మోన్‌ని కూడా జైలజిన్ అణచేస్తుంది.

మేత తీసేశావా లేదా రాయలేదు. తిని ఉన్న ఎలుక లివర్లో గ్లైకోజెన్ (నిల్వ ఉన్న గ్లూకోజ్) నిండుగా ఉంటుంది, అందుకే షుగర్ అంత ఎగురుతుంది. రాత్రంతా పస్తు ఉంచితే ఇంత పెరగదు. పీల్పించే మత్తు మందు ఐసోఫ్లురేన్‌కి మారమని ఎవరైనా చెబుతారు. అదీ సుద్దపూసేం కాదు, ఇన్సులిన్‌ని కొంత తగ్గిస్తుంది, కాకపోతే జైలజిన్ అంత కాదు. నన్నడిగితే, ఎలుకల్ని చేతికి అలవాటు చేసుకుని, మెలకువలోనే తోక నుంచి కాస్త రక్తం తీయి. మంచి ఇన్సులిన్ కిట్‌కి కొన్ని చుక్కల సీరం చాలు. పద్ధతి మార్చేముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకో.

పాతకాపు:
మా రోజుల్లో దూది మీద ఈథర్ పోసి, గాజు జాడీలో ఎలుకని పెట్టి మూత వేసేవాళ్ళం. నిమిషాల్లో పడిపోయేది. ఇన్ని తలనొప్పులు లేవమ్మా.

యానిమల్‌హౌస్_అక్క:
ఎందుకు లేవు సార్? స్ట్రెస్ మీద పనిచేసేవాళ్ళు ఏసీటీహెచ్ (అడ్రినల్ గ్రంథిని పనిచేయించే హార్మోన్) పెంచడానికి కావాలనే ఈథర్ పీల్పించేవారు. దాని వెంట అడ్రినల్ వదిలే స్ట్రెస్ హార్మోన్ కార్టికోస్టిరాన్ కూడా ఎగబాకుతుంది. పైగా ఈథర్‌తో చంపిన ఎలుకల్ని మామూలు ఫ్రిజ్‌లో పెడితే ఆ ఆవిరికి నిప్పురవ్వ తగిలి పేలే ప్రమాదం ఉంది!

పల్లె_పశువైద్యం:
ఆవుల్లోనూ ఇదే తంతు. జైలజిన్ ఇచ్చాక మూత్రంలో గ్లూకోజ్ కనపడితే షుగర్ జబ్బు అని రాసేయకూడదు. ఆవుకి ఈ మందు గుర్రానికిచ్చే డోసులో పదో వంతు చాలు. గర్భసంచి మీద ఆక్సిటోసిన్‌లా పనిచేస్తుంది కాబట్టి నిండు చూలుతో ఉన్న ఆవుకి నేను వెయ్యను.

కుక్కల సంగతికొస్తే ఎటొమిడేట్ అనే మత్తు మందు ఉంది. అడ్రినల్ గ్రంథిలో కార్టిసాల్ (స్ట్రెస్ హార్మోన్) తయారీ చివరి మెట్టు దగ్గరున్న ఎంజైమ్‌ని (11-బీటా హైడ్రాక్సిలేజ్) ఆపేస్తుంది. ఒక్క ఇంజెక్షన్‌కే కొన్ని గంటలపాటు ఏసీటీహెచ్ ఇచ్చినా అడ్రినల్ పలకదు. ఆ గంటల్లో తీసిన కార్టిసాల్ రిపోర్ట్ చూసి అడిసన్స్ జబ్బు (అడ్రినల్ చతికిలబడటం) అనుకుంటే అంతే సంగతులు.

రీప్రో_ల్యాబ్:
టైమింగ్ కూడా చూసుకోండి. 1950లో ఎవరెట్, సాయర్ చూపించిందే: ప్రోఈస్ట్రస్ రోజు (అండం విడుదలకి ముందు రోజు) మధ్యాహ్నం 2 గంటలకి ఆడ ఎలుకకి బార్బిచురేట్ రకం మత్తు మందు ఇస్తే, అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోన్ విడుదల ఆగి, అండం విడుదల సరిగ్గా ఒక రోజు వెనక్కి పోతుంది. సాయంత్రం ఇస్తే ఏమీ కాదు, అప్పటికే ఎల్‌హెచ్ వెళ్ళిపోయి ఉంటుంది.

ఫార్మా_పీజీ:
అక్కా, చాలా థాంక్స్. మేత తీయలేదు, తినే ఉన్నాయి. తీసిన డేటా పారేయాల్సిందేనా? ఇంకో విషయం, స్ట్రెస్ కూడా చూద్దామని గైడ్ గారు కార్టిసాల్ కిట్ ఆర్డర్ పెడుతున్నారు.

యానిమల్‌హౌస్_అక్క:
పొద్దున తీసిన గ్లూకోజ్ పనికొస్తుంది, ఉంచుకో. మత్తులో తీసిన ఇన్సులిన్‌తో మాత్రం కషాయం గురించి ఏమీ తేల్చకు. థీసిస్‌లో వాడిన మందు, డోసు, ఎంతసేపటికి రక్తం తీశావో, మేత మీద ఉన్నాయో లేదో అన్నీ రాయి.

ముందు ఆ ఆర్డర్ ఆపించు. ఎలుక అడ్రినల్‌లో కార్టిసాల్ తయారీకి కావాల్సిన ఎంజైమ్ 17-ఆల్ఫా హైడ్రాక్సిలేజ్ ఉండదు, అందుకని దాని స్ట్రెస్ హార్మోన్ కార్టికోస్టిరాన్. ఆ కిట్ తెప్పించు. రక్తం పొద్దున్నే ఒకే వేళకి తీయాలి, ఎందుకంటే సాయంత్రానికి అది దానంతటదే పెరుగుతుంది. కేజ్ ముట్టుకున్న మూడు నిమిషాల్లోపు తీసేయాలి, ఆలస్యమైతే నీ చేతి కంగారే రీడింగ్‌లోకి వచ్చేస్తుంది.