తుపాకి గొట్టం సరే, ఆ తుపాకి ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: భాషా గ్రూపు పెద్దలకు నమస్కారం. చైనా వార్తల్లో ‘కేంద్ర సైనిక కమిషన్’ అని చదువుతున్నాం, మన మావోయిస్టుల వార్తల్లో ‘కేంద్ర మిలిటరీ కమిషన్’ అని చదువుతున్నాం. రెండూ ఒకటేనా? ‘కమిషన్’కి మంచి తెలుగు మాట లేదా? ఇంకో సందేహం కూడా ఉంది. ‘తుపాకి గొట్టం ద్వారానే రాజ్యాధికారం’ అన్నది మావో మాటే అంటారు. గోడల మీద ఎర్ర అక్షరాల్లో చదవడమే తప్ప దానికి ముందూ వెనకా ఏముందో ఎవరూ చెప్పలేదు. తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: మీరు రెండు ప్రశ్నలు అడిగారు గానీ నాకు ఒకటే కనబడుతోంది. ఆ గోడమీద వాక్యానికి రెండో సగం ఒకటుంది. మనవాళ్లు మొదటి సగమే రాసి వదిలేశారు. మీరు అడిగిన కమిషన్ ఎందుకో అర్థమయ్యేది ఆ రెండో సగంతోనే. కాబట్టి వాక్యంతోనే మొదలుపెడతాను.

1927 ఏప్రిల్‌లో షాంఘైలో జాతీయవాద పార్టీ నేత చియాంగ్ కై షేక్ తనతో కలిసి పనిచేస్తున్న కమ్యూనిస్టుల మీద విరుచుకుపడ్డాడు. వాళ్లకు సంఘాలున్నాయి, సమ్మెలు చేయించే బలం ఉంది, సొంత సైన్యం మాత్రం లేదు. ఆగస్టు 1న నాన్‌చాంగ్‌లో తిరుగుబాటు చేశారు. చైనా సైన్యం జెండా మీద ఇప్పటికీ కనిపించే ‘ఎనిమిది, ఒకటి’ అంకెలు ఆ తేదీవే. మరో ఆరు రోజులకు, ఆగస్టు 7న, హాంకౌలో పార్టీ పెద్దలు రహస్యంగా కూర్చున్నారు. సైనిక వ్యవహారాల మీద బాగా దృష్టి పెట్టాలనీ, రాజ్యాధికారం దక్కేది తుపాకి నుంచేననీ మావో అక్కడ అన్నాడు. అంటే అది దెబ్బతిన్న పార్టీలో ఒక సభ్యుడు, మన లోపం ఇదీ అని చెప్పిన మాట. గోడమీదికి ఎక్కాక దానికి సవాలు విసిరే గొంతు వచ్చింది.

ఇక పదాల సంగతి. చైనా భాషలో ఆయన వాడినది ‘చియాంగ్ గాన్‌జు’. ‘చియాంగ్’ అంటే తుపాకి, ‘గాన్’ అంటే కాడ, కర్ర లాంటిది. కలాన్ని కూడా వాళ్లు ఇలాగే ‘బీ గాన్‌జు’ అంటారు. తుపాకి కాడ, కలం కాడ అని జంటగా వాడటం అక్కడ మామూలు. సైన్యం ఒక కాడ, ప్రచారం ఇంకో కాడ. మనకు ఇంగ్లీషు అనువాదం మీదుగా రావడంతో అది గొట్టమైంది. తప్పని నేను అనను. తెలుగులో ‘తుపాకి గొట్టం’ అనగానే గురిపెట్టిన తుపాకి కళ్లముందు నిలబడుతుంది. ‘కాడ’ అంటే తోటకూర గుర్తొస్తుంది. ‘రాజ్యాధికారం’ మాత్రం చక్కగా కుదిరింది. మూలంలో ఉన్న ‘జెంగ్ చ్యువాన్’ అంటే రాజ్యం నడిపే అధికారమే.

సభ్యురాలు: గొట్టం గురించి ఒక్క మాట. ‘ఏ గొట్టంగాడు చెప్పాడు’ అనే తిట్టు వినీ వినీ నాకు ఆ నినాదం ఎప్పుడు చదివినా నవ్వొచ్చేది. క్షమించాలి. రెండో సగం చెప్పండి.

జవాబు: వస్తున్నానమ్మా. 1938 నవంబరు, కమ్యూనిస్టుల స్థావరం యెనాన్. పార్టీ కేంద్ర కమిటీ సమావేశంలో ముగింపు ప్రసంగం చేస్తూ మావో పాత వాక్యాన్ని మళ్లీ చెప్పి, వెంటనే ఇంకోటి చేర్చాడు. తెలుగులో ఇలా పెట్టుకోవచ్చు: ‘పార్టీయే తుపాకిని నడపాలి, తుపాకి పార్టీని నడపడం ఎన్నటికీ కుదరదు.’ 

ఈ మాట ఆయనకు ఊరికే తోచలేదు. శత్రు సైన్యాల నుంచి తప్పించుకుంటూ కమ్యూనిస్టులు సాగించిన లాంగ్ మార్చ్‌లో 1935 వేసవిలో రెండు ఎర్ర సైన్యాలు సిచువాన్‌లో కలుసుకున్నాయి. మావో వెంట ఉన్నవాళ్లు నడిచి నడిచి చిక్కిపోయి ఉన్నారు. రెండో సైన్యం నాయకుడు జాంగ్ గువోతావ్ దగ్గర అంతకు ఎన్నో రెట్లు సైన్యం ఉంది. ఇంత బలగం నాదైతే మీ మాట నేనెందుకు వినాలి అనుకున్నాడాయన. ఎటు పోవాలన్న దగ్గర పేచీ వచ్చి విడిపోయారు. అక్టోబరులో జాంగ్ తనే ఒక కేంద్ర కమిటీని ప్రకటించుకున్నాడు. అంటే తుపాకులు ఎక్కువున్నవాడు పార్టీనే కొత్తగా పెట్టేశాడు. ఆ తర్వాత ఆయన సైన్యం పశ్చిమాన చితికిపోయింది, 1938 ఏప్రిల్‌లో ఆయన చియాంగ్ కై షేక్ పక్షానికి వెళ్లిపోయాడు. మావో ప్రసంగం ఇంకో ఏడు నెలలకు. సొంతానికి సైనికబలం కూడబెట్టుకోవద్దని, ఆ విషయంలో జాంగ్ దారి ఇంకెవరూ తొక్కొద్దని అందులో పేరు పెట్టి మరీ చెప్పాడు.

కాబట్టి మొదటి సగం శత్రువుతో పోరు గురించి, రెండోది సొంత సేనానులను ఉద్దేశించింది. గోడల మీద రాసుకోవడానికి మొదటిది బాగుంటుంది. పార్టీ నడపాలంటే రెండోది కావాలి. కమ్యూనిస్టు దేశాల్లో సైన్యం మీద కూర్చోబెట్టిన కమిషన్లు, కౌన్సిళ్లు అన్నీ ఈ రెండో వాక్యం కోసం కట్టినవేనని నా అభిప్రాయం. బయటి శత్రువుతో యుద్ధం వాటికి రెండో పని.

సభ్యురాలు: ‘నడపాలి’ కొంచెం చప్పగా ఉంది. బండి నడిపినట్టు. ‘శాసించాలి’ అంటే?

జవాబు: మూలంలో ఉన్నది ‘జిహుయ్’. సేనాని ఆజ్ఞలివ్వడానికీ, వాద్యబృందం ముందు నిలబడి చేయి ఊపేవాడి పనికీ వాళ్లకు అదే మాట. ‘శాసించు’ రాజుల కాలం మాటలా ఉంటుంది, పైగా ఒకసారి శాసించి ఊరుకోవచ్చు. ఇది రోజూ చేయాల్సిన పని. 1927 సెప్టెంబరులోనే, శాన్‌వాన్ అనే ఊళ్లో, ఓడిపోయి వెయ్యిమంది కూడా మిగలని దళాన్ని మళ్లీ కూర్చుకుంటూ మావో ప్రతి కంపెనీలో, అంటే సైన్యంలోని చిన్న దళంలో, ఒక పార్టీ శాఖ పెట్టించాడు. సైనిక కమాండర్ పక్కన పార్టీ తరఫు రాజకీయ కమిసార్‌ను నిలబెట్టే పద్ధతి అంతకు ముందే రష్యా ఎర్ర సైన్యంలో ఉంది.

ఇంకో సభ్యుడు: ‘పార్టీ చెప్పుచేతల్లో తుపాకి ఉండాలి’ అంటే సరిపోదా మాస్టారూ?

జవాబు: భేష్! ఇంతవరకూ విన్నవాటిలో అదే మేలు. చెప్పుచేతల్లో ఉండేది మనిషే గాని వస్తువు కాదు అని ఎవరైనా పట్టుకోవచ్చు. కానీ ఇక్కడ తుపాకి అంటే ఇనుము కాదు కదా, అది పట్టుకున్న మనుషులే.

ఇప్పుడు కమిషన్. సైన్యాన్ని నడపడానికి పార్టీ పెట్టుకున్న సంస్థ అది. చైనాలో దాన్ని పొట్టిగా ‘జూన్ వెయ్’ అంటారు. 1982 రాజ్యాంగంతో ప్రభుత్వం తరఫున కూడా అదే పేరుతో ఒక కమిషన్ పెట్టారు. పార్టీ కమిషన్‌లో ఎవరుంటారో ప్రభుత్వ కమిషన్‌లోనూ వాళ్లే. ‘ఒక సంస్థ, రెండు నేమ్‌బోర్డులు’ అని అక్కడివాళ్లే చెప్పుకుంటారు. రక్షణమంత్రి అనే ఆయన విడిగా ఉంటాడు. విదేశీ అతిథులతో కరచాలనం ఆయన పని, సైన్యం పగ్గాలు ఆయన చేతిలో ఉండవు. మన అలవాటు ప్రకారం ‘రక్షణమంత్రి’ అనగానే పెద్ద మనిషి అనుకుని హెడ్డింగ్ పెట్టేస్తాం.

తెలుగులో ‘మండలి’, ‘సంఘం’ అని కొందరు రాశారు. నాకు నచ్చలేదు. సంఘం అంటే పదిమంది కూర్చుని చేతులెత్తి తేల్చుకునేదని మనకు స్ఫురిస్తుంది. అక్కడ రాజ్యాంగమే కమిషన్ పనికి చైర్మన్ బాధ్యుడని రాసింది. మిగతావాళ్లు సాయానికి ఉంటారు, ఓటుకు కాదు. 1982లోనే పార్టీలో చైర్మన్ పదవి రద్దుచేసి ప్రధాన కార్యదర్శితో సరిపెట్టారు. మావో కూర్చున్న కుర్చీలో ఇంకెవరూ కూర్చోకూడదని. సైనిక కమిషన్‌లో మాత్రం చైర్మన్ చైర్మన్‌గానే ఉండిపోయాడు. అందులో కూర్చున్నది డెంగ్ షియావోపింగ్.

ఆయన 1981 నుంచి 1989 దాకా ఆ కుర్చీలో ఉన్నాడు. ఆ కాలంలో ప్రధానమంత్రి కాడు, దేశాధ్యక్షుడు కాడు, పార్టీ ప్రధాన కార్యదర్శి కూడా కాడు. 1987లో పార్టీ అత్యున్నత స్థాయీ సంఘం నుంచి కూడా తప్పుకున్నాడు. కమిషన్ చైర్మన్ ఆ సంఘంలో సభ్యుడై ఉండాలన్న నిబంధన ఉండేది. ఆయన కోసం పార్టీ నియమావళినే సవరించారు. అప్పటి ప్రధాన కార్యదర్శి జావ్ జియాంగ్ కమిషన్‌లో మొదటి వైస్ చైర్మన్. కాగితం మీద పార్టీకి పెద్ద, సైన్యంలో రెండోవాడు. 1989 మేలో బీజింగ్‌లో విద్యార్థుల ఉద్యమం మీద మార్షల్ లా వద్దన్నాడు. మే 20న మార్షల్ లా వచ్చింది, జూన్‌లో జావ్ పదవులు పోయాయి. ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ గృహనిర్బంధమే. ‘పార్టీ చెప్పుచేతల్లో’ అన్నాం కదా, పార్టీ అంటే ఎవరు అన్న ప్రశ్న అక్కడే నగ్నంగా నిలబడింది.

డెంగ్ ఆ నవంబరులోనే కమిషన్ కుర్చీ వదిలేశాడు. తర్వాత ఆయనకు మిగిలిన పదవి చైనా బ్రిడ్జ్ ఆటగాళ్ల సంఘం గౌరవాధ్యక్షత. అయినా 1992లో దక్షిణాది పర్యటనకు వెళ్లి ఆర్థిక విధానాల దిశ మార్పించాడు. కాబట్టి కుర్చీయే సర్వస్వం అని కూడా అనలేం. జియాంగ్ జెమిన్‌కు మాత్రం కుర్చీ విలువ బాగా తెలుసు. 2002 నవంబరులో పార్టీ పగ్గాలు హూ జింటావ్‌కు ఇచ్చి, కమిషన్‌ను 2004 సెప్టెంబరు దాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. హూ 2012లో పార్టీ పగ్గాలు, కమిషన్ కుర్చీ రెండూ ఒకేసారి షీ జిన్‌పింగ్‌కు అప్పగించేశాడు.

ఇంకో సభ్యుడు: కమిషన్ అనే మాట వద్దనడానికి నా కారణం వేరు. మా ఏరియాలో కమిషన్ అంటే పర్సెంటేజీ. ‘సైనిక కమిషన్’ అంటే ఎంత శాతమో అని చూస్తారు జనం.

జవాబు: నవ్వులాటకు అన్నారు గానీ ఆ అర్థం కూడా చైనాలో నప్పింది. కమిషన్ మాజీ వైస్ చైర్మన్లు ఇద్దరు, షు త్సాయ్‌హౌ, గువో బోషియాంగ్, ప్రమోషన్లు అమ్ముకున్నారన్న ఆరోపణలతో కూలిపోయారు. షు 2014లో బహిష్కృతుడై, కేసు నడవకముందే 2015లో కేన్సర్‌తో పోయాడు. గువోకు 2016లో యావజ్జీవం పడింది. షీ ఆ తర్వాత 2017లో కమిషన్‌ను 11 మంది నుంచి 7గురికి కుదించాడు. 2022లో నియమించిన ఏడుగురిలో లీ షాంగ్‌ఫూ 2023లో రక్షణమంత్రి పదవి పోగొట్టుకుని, మరుసటి ఏడాది పార్టీ నుంచీ వెళ్లిపోయాడు. మియావ్ హువా, వైస్ చైర్మన్ హే వెయ్‌డాంగ్‌లను 2025 అక్టోబరులో బహిష్కరించారు. ఇదంతా అవినీతి మీద పోరా, విధేయత పరీక్షా అని అడిగితే, రెండూ విడదీయలేనట్టు ఆ వ్యవస్థ కట్టి ఉందంటాను.

సభ్యురాలు: మరి తుపాకి ఎక్కడా పార్టీని నడపలేదా?

జవాబు: దగ్గరదాకా వచ్చిన సందర్భాలున్నాయి. సోవియట్‌లో 1957 జూన్‌లో క్రుశ్చేవ్‌ను పార్టీ అధినేత పదవి నుంచి దింపేయబోతే, రక్షణమంత్రి జుకోవ్ సైనిక విమానాలు పెట్టి కేంద్ర కమిటీ సభ్యులను మాస్కోకు రప్పించి గట్టెక్కించాడు. అక్టోబరులో జుకోవ్ యుగొస్లావియా, అల్బేనియా పర్యటనకు వెళ్లి వచ్చేసరికి ఆయన పదవి లేదు. సైన్యంలో పార్టీ పాత్రను తగ్గిస్తున్నాడన్నది అభియోగం. గట్టెక్కించగలిగినవాడు ముంచనూగలడు కదా, క్రుశ్చేవ్ భయం అది.

పోలెండ్‌లో నిజంగానే తిరగబడింది. జనరల్ యారుజెల్స్కీ 1981లోనే ప్రధాని, పార్టీ మొదటి కార్యదర్శి అయ్యి, డిసెంబరు 13న మార్షల్ లా పెట్టి, దేశాన్ని ‘జాతి ఉద్ధరణ సైనిక మండలి’ చేతికి అప్పగించాడు. భాషా గ్రూపు కాబట్టి ఇది చెప్పాలి: పోలిష్‌లో ఆ మండలి పొట్టి పేరు ‘వ్రోన్’. వాళ్ల భాషలో ‘వ్రోనా’ అంటే కాకి. పోలెండ్ రాజచిహ్నం గద్ద. ‘కాకి గద్దను గెలవలేదు’ అని జనం ప్రాసతో గోడలకెక్కించారు. సంక్షిప్త నామాలు పెట్టేటప్పుడు ఒకసారి పైకి చదువుకోవాలి.

ఉత్తర కొరియా దారి ఇంకోటి. కిమ్ జోంగ్ ఇల్ ‘సోన్‌గున్’ అన్నాడు, అంటే సైన్యమే ముందు. 1998లో రాజ్యాంగం మార్చి జాతీయ రక్షణ కమిషన్‌ను అన్నిటికన్నా పైకి తెచ్చాడు. అధ్యక్ష పదవిని చనిపోయిన తండ్రికి శాశ్వతంగా వదిలేశాడు. కొడుకు కిమ్ జోంగ్ ఉన్ 2016లో ఆ కమిషన్ తీసేసి రాజ్య వ్యవహారాల కమిషన్ పెట్టుకున్నాడు. మావో సూత్రం అక్కడ పనిచేసిందా లేదా అని తేల్చడం కష్టం, పార్టీ, సైన్యం రెండూ ఒక కుటుంబానివి.

ప్రశ్న అడిగినవారు: మన మావోయిస్టుల సంగతి మిగిలిపోయింది.

జవాబు: పేరు చైనా నమూనాదే. మూలం ఒకటే, సంస్థలు వేరు. 2004లో పీపుల్స్‌వార్, ఎంసీసీఐ అనే రెండు నక్సలైటు పార్టీలు కలిశాక ఏర్పడిన పార్టీలో కేంద్ర కమిటీ కింద మిలిటరీ కమిషన్ పెట్టుకున్నారు. శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటకు చెందిన నంబాల కేశవరావు, అదే బసవరాజు, మొదట ఆ కమిషన్ బాధ్యుడు. 2018లో గణపతి స్థానంలో ప్రధాన కార్యదర్శి అయ్యాడు. 2025 మే 21న ఛత్తీస్‌గఢ్‌లోని నారాయణపూర్ అడవుల్లో భద్రతా దళాల కాల్పుల్లో చనిపోయాడు. ఆయన ప్రధాన కార్యదర్శి అయినప్పుడు, మిలిటరీ మనిషి పార్టీ పగ్గాలు పట్టాడని మన పత్రికలు రాశాయి. గోడమీద వదిలేసిన రెండో సగానికి సంబంధించిన వార్త అది, అలా ఎవరూ చదవలేదు.

ఇంకో సభ్యుడు: నేను పత్రిక డెస్కులో పనిచేస్తాను మాస్టారూ. రాత్రి పదకొండుకి చైనా సైన్యం వార్త వస్తే ఏం రాయమంటారు? టెన్షన్‌లో ఇదంతా గుర్తుండదు.

జవాబు: మూడు గుర్తుంచుకోండి చాలు. ‘కమిషన్’ని కమిషన్‌గానే ఉంచండి, మండలి చేయకండి. షీ జిన్‌పింగ్ సైన్యానికి ఆదేశం ఇచ్చాడంటే ‘దేశాధ్యక్షుడు’ అని కాక ‘సైనిక కమిషన్ చైర్మన్’ అని రాయండి. చైనా భాషలో రెంటికీ ‘జూషీ’ అనే మాటే కాబట్టి ఏజెన్సీ కాపీలో కలిసిపోతుంటాయి. 2018లో రెండు దఫాల పరిమితి ఎత్తేసింది దేశాధ్యక్ష పదవికే, కమిషన్ కుర్చీకి ముందు నుంచీ అలాంటి పరిమితి లేదు. ఇక మూడోది, రక్షణమంత్రిని తీసేస్తే సింగిల్ కాలమ్ ఇవ్వండి. కమిషన్ వైస్ చైర్మన్‌ను తీసేస్తే మాత్రం మొదటి పేజీ అడగండి.