జపనీస్ కత్తుల ప్రదర్శన పెడుతున్నాం, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

పెన్నాతీరం:
అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో ఉంటాను. మా ఇయాయిదో డోజో (ఒరలోంచి కత్తి దూసే జపనీస్ విద్య నేర్పే శిక్షణశాల) తరఫున వచ్చే ఏడాది రెండు రోజుల జపనీస్ కత్తుల ప్రదర్శన పెట్టాలనుకుంటున్నాం. కత్తులతో పాటు ఇకెబానా (జపనీస్ పూల అలంకరణ), టీ సెరిమనీ, కాలిగ్రఫీ, తైకో డప్పులు కూడా ఉండాలని మా సెన్సే, అంటే గురువుగారి కోరిక. ఏర్పాట్లు నాకూ ఇంకో ముగ్గురికీ అప్పగించారు. హాలు ఇంకా ఖాయం కాలేదు, ఒక కాలేజీ ఆడిటోరియం తక్కువ అద్దెకు దొరికేలా ఉంది. జపాన్‌లో ఉన్నవాళ్లు, అమెరికాలో ఇలాంటి షోలకు వెళ్లినవాళ్లు ఏమేం చూసుకోవాలో చెప్పండి. మనవాళ్లు పిల్లల్ని తీసుకుని చాలామందే వస్తారు.

గోదారిగట్టు:
కాలేజీకి అడ్వాన్స్ ఇవ్వకండి, ఆగండి. టెక్సాస్‌లో 2017లో చట్టం మారాక పొడుగు కత్తులు దగ్గర ఉంచుకోవడానికి పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. కానీ అలుగు (బ్లేడు) ఐదున్నర అంగుళాలు దాటితే స్కూళ్లు, కాలేజీలు లాంటి కొన్ని చోట్లకు తీసుకెళ్లకూడదు. సంస్థ రాతపూర్వకంగా అనుమతి ఇస్తే వేరే సంగతి. ఆ కాగితం చేతికి రాకుండా మాత్రం ముందుకెళ్లొద్దు. అద్దె ఎక్కువైనా హోటల్ హాలే నయం. శాన్ ఫ్రాన్సిస్కో తోకెన్ కై లాంటి జపనీస్ కత్తుల షోలు హోటళ్లలోనే జరుగుతాయి. దూరం నుంచి కత్తులతో వచ్చేవాళ్లు అక్కడే బస చేస్తారు, రాత్రిపూట హాలుకు తాళం వేసి కాపలా పెట్టడం కూడా సులువు.

కొండగాలి:
నేను ఒకాయామాలో ఉంటాను. ఒసఫునే కత్తుల మ్యూజియం మాకు దగ్గరే. అక్కడ ప్రదర్శనశాల ఉన్న ఆవరణలోనే కమ్మరి కొలిమి, సానపట్టేవాళ్ల గదులు, ఒరలు చేసేవాళ్ల గదులు ఉన్నాయి. అద్దం వెనక ఉన్న కత్తిని చూసి బయటికి వస్తే, అదే పని చేస్తున్న మనిషి ఎదురుగా కనిపిస్తాడు. మీ షో కూడా అలా ఉండాలని నా ఆశ. ఓ మూల పూలు, ఓ మూల డప్పులు, మధ్యలో కత్తులు అని పంచేస్తే అది జపాన్ మేళా అవుతుంది. ప్రతి కళా కత్తి దగ్గరికి తీసుకురావాలి.

దానికి ముందు లైటింగ్ గురించి చెప్పాలి, ఎందుకంటే డబ్బు పెట్టాల్సింది అక్కడే. హాల్లో ట్యూబ్‌లైట్లు వెలుగుతుంటే ఎంత గొప్ప కత్తయినా స్టీలు స్కేలులా కనిపిస్తుంది. చుట్టూ వెలుతురు తగ్గించి, ప్రతి కత్తికీ పైనుంచి చిన్న స్పాట్‌లైటు ఒక్కటి పెట్టండి. చూసేవాళ్లు కాస్త వంగి, తల అటూ ఇటూ కదుపుతూ ఆ వెలుగు అలుగు మీద ఎక్కడ పడుతుందో వెతుక్కోవాలి. సరైన కోణం దొరికాక పదును వెంబడి తెల్లటి పొగమంచులా హమోన్, అంటే గట్టిపరిచిన అంచు గీత, బయటపడుతుంది. అందులో సన్నని ఉక్కు రేణువులు మెరుస్తాయి. కాల్చేముందు వీపు వైపు మందంగా, పదును వైపు పల్చగా మట్టి పూస్తారు. ఎర్రగా కాలినదాన్ని నీళ్లలో ముంచినప్పుడు పల్చటి వైపు త్వరగా చల్లారి గట్టిపడుతుంది, కత్తి వంపు తేలేదీ అప్పుడే. కత్తి పక్కన ఈ ముక్క బొమ్మతో సహా రాసిపెట్టండి. పిల్లలు కూడా హమోన్ కోసం వెతకడం మొదలుపెడతారు.

కతానాను (నడుముకు దోపుకునే పొడుగు కత్తి) పదును పైకి ఉండేలా, తాచిని (నడుము నుంచి వేలాడదీసే పాత రకం పొడుగు కత్తి) పదును కిందికి ఉండేలా పెట్టాలి. ఇది తప్పితే తెలిసినవాళ్లు గుమ్మంలోనే గమనిస్తారు.

పెన్నాతీరం:
కొండగాలి గారూ, చాలా థాంక్సండీ. మా సెన్సేకి చదివి వినిపించాను, లైటింగ్ మాట వినగానే సంబరపడ్డారు. కళల్ని కత్తి దగ్గరికి తేవాలన్నారు కదా, టీ సెరిమనీకి అదెలా కుదురుతుంది?

కొండగాలి:
టీకే అన్నిటికంటే బాగా కుదురుతుందండీ. సమురాయి ఎంతటివాడైనా టీ గదిలోకి కత్తితో వెళ్లేవాడు కాదు. బయట కత్తి పెట్టుకునే స్టాండు ఉండేది. అక్కడ కత్తి వదిలేసి, చిన్న గుమ్మంలోంచి ఒంగి మోకాళ్ల మీద లోపలికి వెళ్లేవాడు. మీ టీ మూల బయట అలాంటి స్టాండు పెట్టి, అతిథి దాని పక్కనుంచే లోపలికి వెళ్లేలా చేయండి. కాలిగ్రఫీకైతే నకాగో ఉంది, అంటే పిడి లోపల దాగి ఉండే కొస. కమ్మరి తన పేరు ఉలితో చెక్కేది దాని మీదే. ఆ రాత నకళ్లు గోడకు పెట్టి, పక్కనే కుంచెతో రాసేవాళ్లను కూర్చోబెట్టండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఇకెబానా నీళ్లు, టీ ఆవిరి కత్తులకు దూరంగా ఉండాలి. తైకో అయితే హాలు బయటే. ఆ అదురుకు స్టాండ్ల మీద కత్తులు కదులుతాయి.

చుక్కలచీర:
నేను బే ఏరియా నుంచి. ఇక్కడి షోలలో నన్ను కట్టిపడేసేది, జనం తమ ఇళ్లలోని కత్తులు తెచ్చి చూపించుకునే టేబుల్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైనికులు జపాన్ నుంచి బోలెడన్ని కత్తులు తెచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు, మనవలు వాటిని దుప్పట్లో చుట్టి పట్టుకొస్తారు. ఒకామె తాతగారి కత్తి తెచ్చింది. తెలిసిన పెద్దాయన పిడిలోని వెదురు మేకు నెమ్మదిగా తీసి, పిడి ఊడదీసి, నకాగో మీది తుప్పును దీపం కింద చాలాసేపు చూశారు. ఆ తుప్పు రంగును బట్టే వయసు అంచనా వేస్తారట. ఆమె ఇంటికెళ్లి ఆ తుప్పంతా శుభ్రం చేయించాలనుకుంటోందని తెలిసి ఆయన కంగారుపడిపోయారు. నకాగో తుప్పు ముట్టుకోకూడదు, అలుగుకి మామూలు సానరాయి తగలకూడదు. ఈ రెండు మాటలూ పెద్ద అక్షరాలతో గుమ్మం దగ్గరే రాసిపెట్టండి. దానివల్ల మీ ఊళ్లో ఒక్క పాత కత్తి దక్కినా చాలు.

అమ్మకాల టేబుళ్లు పెడితే దంతంతో చేసిన పాత సామాను గురించి కూడా అడగండి. కాలిఫోర్నియాలో 2016 నుంచి ఏనుగు దంతం అమ్మకంపై నిషేధం ఉంది. మీ రాష్ట్రం సంగతి లాయరుతో మాట్లాడండి.

మంజీర:
మాది నిజామాబాద్ వైపు. మా దగ్గర కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు కరిగించేవాళ్లు. దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. షోలో దాని గురించి ఒక బోర్డు పెడితే మనవాళ్లకు గర్వంగా ఉంటుంది కదా?

కొండగాలి:
మంజీర గారూ, నాకూ ఆ ఊరంటే గౌరవమే. కానీ కత్తుల మధ్యలో పెడితే చూసేవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. జపాన్ పద్ధతి పూర్తిగా వేరు. ఇనుప ఇసుకను, బొగ్గును మట్టి కొలిమిలో మూడు పగళ్లు, మూడు రాత్రులు మండిస్తారు. చివరికి కొలిమి పగలగొట్టి సుమారు రెండున్నర టన్నుల ముద్ద బయటికి లాగుతారు. కత్తికి పనికొచ్చే తమహగనే అనే మేలురకం ఉక్కు అందులో కొంతే. యుద్ధం తర్వాత ఆగిపోయిన ఈ పనిని 1977లో షిమానే ప్రాంతంలోని ఒకుఇజుమోలో మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పటికీ చలికాలంలో చేస్తారు. ఈ షోకి చెప్పాల్సిన కథ అది. కోనసముద్రానికి విడిగా ఒక సాయంత్రం ప్రసంగం పెట్టించండి, నేనూ ఆన్‌లైన్‌లో వింటాను.

మంజీర:
ప్రసంగమే మంచిది. దానికి ఫొటోలు నేను పంపిస్తాను.

నల్లరేగడి:
డోజోలో నేనూ నేర్చుకుంటున్నా, అందుకని చేతికిచ్చి చూపించే టేబుల్ గురించి రాస్తున్నా. ఒకేసారి ఇద్దరిని మించి కూర్చోనివ్వకండి. ఉంగరాలు, గాజులు, వాచీలు ముందే తీయించండి, చున్నీ, బట్టల వేలాడే చేతులు చుట్టి కట్టించండి. మొదట కత్తికి నమస్కరించాలి. పదును పైకి పెట్టి, వీపు ఒరకు ఆనేలా నెమ్మదిగా తీయాలి. అలుగు మీద వేలు పెట్టకూడదు, దాని ఎదుట మాట్లాడకూడదు. తుంపర పడితే అక్కడే తుప్పు మొదలవుతుంది. పక్కవాళ్లకిచ్చేటప్పుడు పదును మన వైపే ఉండాలి. చిన్నపిల్లలకు అసలు కత్తి వద్దు. చెక్క పిడికి పట్టుతాడు అల్లడం నేర్పండి, అది కూడా కత్తి పనే. చాప చుట్టలు నరికి చూపించడం గురించి మా గురువుగారి నియమం ఒక్కటే: జనానికి ఎదురుగా ఎవరూ కత్తి ఊపకూడదు.

పెన్నాతీరం:
అన్నా, ఇది అచ్చంగా ప్రింట్ తీసి వాలంటీర్లకు ఇస్తాను. కాలేజీ ఆలోచన వదిలేశాం, ఒక హోటల్‌తో మాట్లాడుతున్నాం. ఇంకో సందేహం. సెన్సే దగ్గరున్న యుద్ధకాలం కత్తిని జపాన్ పంపి సాన పట్టించి, షోకి తెప్పించాలనుకుంటున్నారు. వీలవుతుందా?

కొండగాలి:
పంపేముందు అది చేత్తో చేసిందో, ఫ్యాక్టరీదో తేల్చుకోండి. ఇక్కడ సంప్రదాయ పద్ధతిలో చేసిన కత్తికే రిజిస్ట్రేషన్ కాగితం ఇస్తారు. యుద్ధకాలంలో మిలిటరీ కోసం ఫ్యాక్టరీల్లో చేసినవాటికి ఇవ్వరు, అలాంటిది వస్తే తిరిగి మీ చేతికి రాదు. సాంప్రదాయికమే అయినా కస్టమ్స్, పోలీసు, రిజిస్ట్రేషన్, మళ్లీ బయటికి పంపడానికి సాంస్కృతిక వ్యవహారాల శాఖ అనుమతి, ఇన్ని దాటాలి. సానపట్టే వాళ్ల దగ్గర క్యూ కూడా పెద్దదే. షో నాటికి అందుతుందని లెక్క వేసుకోకండి. నకాగో ఫొటోలు రెండు వైపులా తీసి ఇక్కడ పెట్టండి, స్టాంపు గుర్తు ఏదైనా ఉంటే దగ్గరగా తీయండి. మా పక్కవీధిలో ఒర చేసే పెద్దాయనకు చూపించి చెప్తాను.