నీరసం, చిరాకు, శాకాహారం: బెంగళూరులో పీయూసీ పిల్లల తల్లిదండ్రుల కోసం

జయనగర్_వంటిల్లు: పీయూసీ (ఇంటర్) పిల్లలున్న ఇళ్లలో ఒకటే ప్రశ్న. ఎప్పుడూ నీరసం, ఊరికే చిరాకు, పుస్తకం మీద ధ్యాస నిలవదు. మాంసం తినకపోవడం వల్లేనా? ఏ టెస్టులు చేయించాలి, తిండిలో ఏం మార్చాలి?

ల్యాబ్_చూపు: శాకాహారం వల్లే దిగులు (డిప్రెషన్) వస్తుందని తేలలేదండీ. పరిశోధనలు అటూ ఇటూ ఉన్నాయి, దిగులు మొదలయ్యాక తిండి మార్చుకున్నవాళ్లూ ఆ లెక్కల్లో ఉండొచ్చు. కానీ బి12, ఐరన్ తగ్గితే నీరసం, చిరాకు, ధ్యాస లేకపోవడం మామూలే.

సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ (ఐరన్ నిల్వ చెప్పేది), బి12, విటమిన్ డి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్టు) చేయించమని డాక్టర్‌ని అడగండి. హిమోగ్లోబిన్ 12 దాటింది కదా అని ఊరుకోవద్దు. ముందు ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్ ఖాళీ అవుతుంది, హిమోగ్లోబిన్ పడిపోయేది ఆ తర్వాతే. ఫెర్రిటిన్ 15 లోపుంటే నిల్వ అయిపోయినట్టు. జ్వరం ఉన్న వారంలో మాత్రం చేయించకండి, లేని నిల్వ ఉన్నట్టు చూపిస్తుంది. బి12 200 లోపైతే లోపమే, 200-300 మధ్య అనుమానం. ఐరన్ తగ్గితే ఎర్రకణాలు చిన్నవవుతాయి, బి12 తగ్గితే పెద్దవవుతాయి. రెండూ తగ్గినప్పుడు ఎంసీవీ (ఎర్రకణాల సగటు సైజు) నార్మల్‌గా వచ్చి రిపోర్టు చూసినవాళ్లని బోల్తా కొట్టిస్తుంది.

హెబ్బాళ్_నాన్న: టెస్టు ఎందుకు, నేరుగా ఒక మల్టీవిటమిన్ వేసేస్తే?

ల్యాబ్_చూపు: రక్తం ఇచ్చాకే వేయండి. ముందే మింగితే బి12 అంకె పెరిగి లోపం కనబడదు. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేస్తే ఇంకా ప్రమాదం: రక్తం బాగుపడినట్టే ఉంటుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి.

హెబ్బాళ్_నాన్న: రోజూ రాగి ముద్ద తినే ఇంట్లో కూడా ఐరన్ తగ్గుతుందా?

దంటు_సొప్పు: తగ్గుతుందండీ. రాగుల గొప్ప కాల్షియంలో ఉంది, 100 గ్రాములకు సుమారు 360 మిల్లీగ్రాములు. ఐరన్ 4-5 మిల్లీగ్రాములే, అందులోనూ గింజలో ఉండే ఫైటేట్లు, టానిన్లు అనే పదార్థాలు చాలామటుకు పట్టేసుకుంటాయి. రాత్రంతా నానబెట్టి, బట్టలో కట్టి ఒక రోజు మొలకెత్తించి, ఎండబెట్టి పట్టిస్తే కొంత నయం. 16-18 ఏళ్ల ఆడపిల్లకి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సిఫారసు రోజుకి 32 మిల్లీగ్రాముల ఐరన్, మగపిల్లాడికి 26.

అసలు దొంగ ఫిల్టర్ కాఫీ. ఇడ్లీ నోట్లో ఉండగానే గ్లాసు ఎత్తితే తిన్న ఐరన్‌లో చాలా భాగం ఒంటికి పట్టదు. టిఫిన్‌కి, కాఫీకి మధ్య గంట ఎడం పెట్టండి. క్యారియర్‌లో పల్చటి సాంబారు పోసి పప్పు పెట్టామనుకోవద్దు. గట్టి తోటకూర పప్పు (ఇక్కడి దంటు సొప్పే) కట్టి, తినేముందు నిమ్మచెక్క పిండుకోమనండి. డాక్టర్ ఐరన్ మాత్ర రాస్తే పాలతో వేయొద్దు. మలం నల్లగా వస్తే కంగారుపడక్కర్లేదు.

జయనగర్_వంటిల్లు: బి12కి ఏ కూర వండాలి?

దంటు_సొప్పు: ఏ కూరలోనూ లేదు. గ్లాసుడు పాలల్లో దాదాపు 1 మైక్రోగ్రాము ఉంటుంది, రోజుకి కావలసింది 2 పైచిలుకు. పాలు, పెరుగు కలిపి అర లీటరు లోపలికి వెళ్లాలి. మళ్లీ మళ్లీ మరిగిస్తే అదీ తగ్గుతుంది. ఇన్‌స్టా చూసి వీగన్ అయి పాలు కూడా మానేస్తే మాత్ర తప్పదు. స్పిరులినాలో ఉన్నది మన ఒంటికి పనికొచ్చే బి12 కాదు.

కౌన్సెలింగ్_గది: ఒక్క మాట. మాంసంతో మొదలై అన్నం, నూనె, పెళ్లి భోజనం ఒక్కోటీ మానేస్తుంటే, బరువు తగ్గుతుంటే, నెలసరి ఆగితే, అది ఆహార నియమం కాకపోవచ్చు. లావైపోతానన్న భయానికి శాకాహారం ముసుగు కావచ్చు. కంచం ముందు గొడవపెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. దిగులు రెండు వారాలకు మించి ఉంటే బి12 రిపోర్టు కోసం ఆగక్కర్లేదు, నిమ్హాన్స్ (బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ) సమన్వయంలో నడిచే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి 14416 నంబరులో ఫోన్ చేయొచ్చు. చచ్చిపోవాలని ఉందని నోట వస్తే ఆ రోజే ఆసుపత్రికి.